మూలికల అవ్వకు పదవి రాలేదు

నాకు కోపం ముందు వస్తుంది, కారణం వెనకాల ఆయాసపడుతూ వస్తుంది. మా అమ్మదీ ఇదే వరస. జనగామలో మా వాడకట్టు మొత్తానికీ తెలుసు, మా ఇంట్లో గిన్నెలు ముందు మోగుతాయి, మాట తర్వాత వినిపిస్తుంది. నేను టీచరునయ్యాక గిన్నెల బదులు ఎర్ర పెన్ను వచ్చింది. కోపం వచ్చినా ఎర్ర పెన్నే, సంతోషం వచ్చినా ఎర్ర పెన్నే. చేతిలో కాగితం పడితే చాలు, దాని మీద ఏదో ఒకటి గీయందే నా వేళ్లు ఊరుకోవు. ఈ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది, ఎందుకంటే జరిగిందంతా ఆ పెన్ను వల్లే జరిగింది.

తెలంగాణ కోసం ఆఫీసులు, బడులు, బస్సులు, బొగ్గుగనులు అన్నీ ఒక్కసారే మూతబడ్డ సమ్మె రోజులవి. మేం మహబూబాబాద్‌లో, అదే మా మానుకోటలో, ఉండేవాళ్లం. నేను రోజూ పొద్దున్నే ప్యాసింజరు బండెక్కి గార్ల దిక్కు వెళ్లి, హైస్కూల్లో సైన్సు చెప్పి, సాయంత్రానికి తిరిగి వచ్చేదాన్ని. మా ఆయనకు భూపాలపల్లి గనుల్లో పని. పదిహేను రోజులకోసారి చుట్టంలా వచ్చి పోయేవాడు. మాకు ఒక్కతే బిడ్డ, అప్పుడు ఎనిమిదో తరగతి.

ఆమె పుట్టినరోజుకు మా తమ్ముడు హైదరాబాదు నుంచి ఒక పెట్టె తెచ్చి ఇచ్చాడు. దాన్నిండా బొమ్మల కార్డులు. రాక్షసులు, రెక్కల గుర్రాలు, నిప్పులు కక్కే సర్పాలు. ఒక్కో కార్డు మీద పైన బొమ్మ, మూలన బలం ఎంతో చెప్పే అంకె, బొమ్మ కింద చీమల బారు లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు వరుసలు. ఇద్దరు కూర్చుని ఆడాలి, ఎవరి కట్ట వాళ్లది. ఒక కట్టంతా ఒకే లోకానికి చెందినదై ఉండాలి. అడవి అయితే అడవి, సముద్రం అయితే సముద్రం. ప్రతి కట్టకూ ఒక నాయకుడు ఉంటాడు. మిగతావి బోర్లా పేర్చుకుంటే, ఆ ఒక్క కార్డు మాత్రం మొదటి నుంచి చివరిదాకా నడుమ అందరికీ కనబడేలా కూర్చుంటుంది. సముద్రం కట్ట దుకాణం నుంచే నాయకుడితో సహా తయారుగా వచ్చింది. అడవి కట్టను మాత్రం నా బిడ్డ ఒక్కో కార్డు ఏరుకుంటూ నెల రోజులుగా కడుతోంది. అంతా కుదిరింది గాని నాయకుడు తేలలేదు. ఐదు కార్డులు పక్కకు తీసి, జడ క్లిప్పు పెట్టి, బడి నుంచి రాగానే వాటిని ముందేసుకుని పిల్లను ఇవ్వబోయే పెద్దమనిషిలా ఒక్కొక్కరినీ తేరిపార చూసేది.

ఈ వివరాల్లో సగం ఆమె చెబుతుంటే ఊ కొడుతూ చెవిన వేసుకున్నవి, తక్కినవి తర్వాత తెలిసినవి. అప్పుడు నా బుర్రలో ఉన్నది ఒక్కటే, యూనిట్ టెస్టులో సైన్సులో ఇరవై ఐదుకు పదకొండు. సైన్సు టీచరు బిడ్డకు సైన్సులో పదకొండు! ఆ పేపరు నా చేతికి వచ్చేసరికి ఆమె నేల మీద బోర్లా పడుకుని ఆ ఐదు కార్డుల్నీ చూస్తోంది. రోజూ ఇంట్లో కాలు పెడుతూనే, చెప్పులు విప్పకముందే, నేనడిగే మాట ఒకటుంది: "చదివినవా?" ఆ రోజు అది కూడా అడగలేదు. రెండు కట్టల్నీ, క్లిప్పు పెట్టిన ఐదింటినీ ఊడ్చినట్టు తీసి హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు లాగాను.

"ఎప్పుడిస్తవ్?" అంది.

"సమ్మె అయినంక."

మర్నాడే సమ్మె మొదలైంది. ఎప్పుడు అయిపోతుందో ఢిల్లీకీ తెలియదు, హైదరాబాదుకూ తెలియదు. అంటే నేను వేసింది యావజ్జీవ శిక్ష అని నాకు కాస్త ఆలస్యంగా తట్టింది. తట్టినా వెనక్కి తగ్గలేదు. మాట ఇచ్చాక తగ్గితే టీచరుకు విలువేముంటుంది?

సమ్మె రెండో రోజు పొద్దున వంటింటి గట్టు మీద ఒక రూళ్ల కాగితం కనబడింది. మార్జిను కొట్టి, పైన "గౌరవనీయులైన అమ్మ గారికి" అని, దాని కింద "విషయం: నా కార్డులు నాకు తిరిగి ఇప్పించుట గురించి" అని. పేజీ నిండా ఉంది. నేను సమ్మె శిబిరానికి పోయే తొందరలో ఉన్నాను. విషయం తెలిసిపోయాక ఇంకేం చదవాలి? హోంవర్కు పుస్తకాల మీద పెట్టినట్టే మూలన ఎర్ర పెన్నుతో "చూశాను" అని రాసి, సంతకం పెట్టి, మడిచి బ్యాగు పక్క అరలో పడేశాను.

ఆ సాయంత్రం నుంచి నా బిడ్డ మాట్లాడడం మానేసింది.

జబ్బకు నల్ల రిబ్బను కట్టుకుంది. అటక మీది పాత పలక దింపి, "మౌన దీక్ష, మొదటి రోజు" అని రాసి గోడకు ఆనించింది. మర్నాడు సహాయ నిరాకరణ. తీగ మీది బట్టలు తీయదు, నల్లా వస్తే బిందె పెట్టదు. ఆ మర్నాడు రాస్తారోకో. గడపకు అడ్డంగా చాప వేసుకుని కూర్చుంది, నేను పెరటి తలుపు నుంచి పోవాల్సి వచ్చింది. ఇంకో రోజు వంటావార్పు. అప్పట్లో జనం రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే తిని నిరసన తెలిపేవాళ్లు. ఈమె మా గేటు ముందు మూడు ఇటుకలు పెట్టి ఉప్మా వండింది. దారిన పోయే ఇద్దరు ఆటో అన్నలు ఆగి తిని, ఉప్పు తక్కువైందని చెప్పి పోయారు. వాళ్లకు పలక మీద ధన్యవాదాలు రాసి చూపించింది.

మా ఆయన కూడా సమ్మెలోనే ఉన్నాడు కాబట్టి, పెళ్లయ్యాక మొదటిసారి అన్ని రోజులు వరుసగా ఇంట్లో కనిపించాడు. ఆయనకు మనుషుల మధ్య గొడవంటే గనిలో గ్యాసు కంటే భయం. "మీరిద్దరు నాకు రెండు కండ్లసోంటోళ్లు" అన్నాడు.

"రెండు కండ్ల మాట ఈ ఇంట్ల నడవది" అన్నాను. ఆ రోజుల్లో అటూ ఇటూ కాకుండా మాట్లాడేవాళ్లంతా ఆ మాటే అనేవాళ్లు, జనం నమ్మడం మానేశారు.

సమ్మె ఆరో రోజు నేనే కాస్త మెత్తబడి, "సరే, దీని మీద కమిటీ వేద్దాం. మీ బాపు చైర్మన్" అన్నాను. ఆమె పలక తుడిచి, నింపాదిగా రాసి చూపించింది: "ఎన్ని ఆప్షన్లు ఇస్తరు? ఆరా?" అంతకుముందే ఢిల్లీ వాళ్లు మా సంగతి తేల్చడానికి ఒక కమిటీ వేస్తే, అది ఆరు దారులు రాసిచ్చి, ఏ దారీ తెరుచుకోకుండా పోయింది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వితే ఓడినట్టని వంటింట్లోకి ఉరికి, పప్పు డబ్బా మూతలో తల పెట్టి నవ్వాను. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా నేను సర్కారును తిట్టేదాన్ని. ఐదు దాటగానే ఇంటికొచ్చి నేనే సర్కారు.

నవ్వు సంగతి అలా ఉంచితే, ఆ మౌనం నన్ను కోసేసింది. మాట్లాడితే ఆగని పిల్ల. స్నానాల గదిలోంచి కూడా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది, నేను సగం వినకుండా ఊ కొట్టేదాన్ని. ఇప్పుడు ఊ కొట్టడానికి ఏమీ లేదు. ఒక్క మాట మాట్లాడు బిడ్డా, అన్నీ ఇచ్చేస్తా అని నాలుక కొస దాకా వచ్చేది. కాని ముందు ఆమె మాట్లాడాలి, తర్వాత నేనివ్వాలి. సర్కారు ఎందుకంత మొండికేస్తుందో నాకు ఆ వారంలో బాగా అర్థమైంది.

ఇక శిబిరం సంగతి. ఆఫీసుల ముందు షామియానా, దాని కింద కుర్చీలు, మైకు సెట్టు, బంతిపూల దండలు. రిలే దీక్ష అంటే వంతులవారీగా ఉపవాసం. ఇవాళ పది మంది, రేపు ఇంకో పది మంది. సాయంత్రం ఐదింటికి ఎవరో ఒక పెద్దమనిషి నిమ్మరసం ఇచ్చి విరమింపజేస్తాడు. మిగిలినవాళ్లం చుట్టూ కూర్చుని మద్దతు తెలపాలి. ఆ రోజుల్లో ప్రతి దానికీ ఒక జేఏసీ, అంటే ఉమ్మడి పోరాట సంఘం, ఉండేది. టీచర్లకొకటి, వకీళ్లకొకటి, ఆటోలకొకటి, ఆఖరికి మా వీధి చివర మిర్చి బజ్జీల బండ్ల వాళ్లకూ ఒకటి. జేఏసీ అంటే ఒక కన్వీనరు. కన్వీనరు పదవి రాక అలిగినవాళ్లందరూ కో-కన్వీనర్లు.

మా శిబిరానికి కన్వీనరు మా బడి లెక్కల సారు. ఎక్కడో ఏదో శిబిరంలో పేకాడుతున్న ఫొటో పేపర్లో పడిందట. దాంతో ఆయన మైకులో ప్రకటించాడు: "మన టెంటుల ముక్కలు కనవడితే ఉద్యమ ద్రోహమే!" పేక పోయాక మధ్యాహ్నాలు గడవడం కష్టమైపోయింది. ఎనిమిదో రోజు వాన పట్టుకుంది. పాటలు పాడేవాళ్లు రాలేదు, మైకు తడిసి మూగబోయింది. నాకు తలనొప్పి లేచి, గోలీ కోసం బ్యాగులో చెయ్యి పెట్టి వెతికాను. గోలీ రాలేదు, అడవి కట్ట ఊడి లెక్కల సారు కాళ్ల ముందు పడింది.

"మేడం! మీరు సుతనా?" అన్నాడు, ఇంటి దొంగను పట్టుకున్నట్టు.

"పేక ముక్కలు గావు సార్. బొమ్మలు."

ఆయన వంగి ఒక్కోటి ఏరి, ముందూ వెనకా తిప్పి చూశాడు. రాజు లేడు, రాణి లేదు, ఆసు లేదు. పక్కనే మా హిందీ మేడం కూర్చుని ఉంది. మానుకోట సాయిబుల ఆడపడుచు, నవ్వు మొహం, నోరు మాత్రం కత్తి. అవతల మా పీఈటీ సారు. గార్ల దగ్గరి తండా మనిషి. ఇంటికి ఫోను చేస్తే లంబాడీలో, మాతో తెలుగులో, పిల్లలతో విజిల్‌తో మాట్లాడతాడు. ఆ ఇద్దరూ కుర్చీలు జరుపుకుని దగ్గరకొచ్చారు. నాకు తెలిసినంత ఆట చెప్పాను. సముద్రానికి నాయకుడు పుట్టుకతోనే ఉన్నాడు, అడవికే ఇంకా తేలలేదు అనేసరికి లెక్కల సారు ముఖం వెలిగింది.

"గదే గద మేడం మన బాధ! తియ్యుండ్రి, ఇయ్యాల గీ అడవికి నాయకుణ్ణి తేల్చి లేస్తం."

క్లిప్పు తీసి ఐదు కార్డులనూ బల్ల మీద పరిచాను. రెక్కల సర్పం, బలం తొమ్మిది. కిరీటం పెట్టుకున్న సింహం, ఎనిమిది. నడిచే చెట్టు, కొమ్మలే చేతులు, ఏడు. విల్లు పట్టుకున్న అడవి రాణి, ఆరు. ఆఖరిది మూలికల మూట వీపున వేసుకున్న ఒక వంగిపోయిన ముసలమ్మ. బలం ఒకటి.

"తొమ్మిదుండగ ఎనిమిదెందుకు? సర్పమే" అన్నాడు లెక్కల సారు.

"అరె, జర ఆగుండ్రి సార్. ఎప్పుడు జూసినా మొగోళ్లేనా? రాణిని పెట్టుండ్రి" అంది హిందీ మేడం.

"సర్పం మొగదని మీకెవరు జెప్పిండ్రు?"

"మూతి జూస్తె తెలుస్తలేదా? మాటినకుండ నిప్పులు కక్కుతది."

పీఈటీ సారు చెట్టు దగ్గర ఆగిపోయాడు. "గీ చేతులు జూడుండ్రి. గుండు ఇసిరితె డోర్నకల్ల పడ్తది." నేను సింహానికి ఓటేశాను. దాని ముఖం చూస్తే క్లాసులో సూది పడ్డా వినిపిస్తుందనిపించింది. రెండు గంటలు వాదించుకున్నాం. "మా తండల నాయక్‌ను పెట్టుకున్నప్పుడు సుత గింత పంచాయితీ గాలే" అన్నాడు పీఈటీ సారు. దీక్షలో కూర్చున్న పది మంది ఆకలి మరిచిపోయి మెడలు చాచి వింటున్నారు.

"గీ ముసలవ్వనెందుకు పెట్టింది బిడ్డ?" అని అడిగాడు లెక్కల సారు.

"పొరపాటున కలిసినట్టున్నది" అని నేనే ఆ కార్డును తీసి కట్ట కింద పెట్టాను.

చివరికి మాకు అలవాటైన దారిలోనే తీర్పు వచ్చింది. సర్పం కన్వీనరు. సింహం, చెట్టు, రాణి కో-కన్వీనర్లు. ఎవరూ అలగకూడదు. అందరూ చప్పట్లు కొట్టారు. రాసి పెట్టకపోతే రేపు మళ్లీ మొదటికొస్తుందని లెక్కల సారు అన్నాడు. ఆ మాట ఆయన నోట్లో ఉండగానే నా చేతిలోకి ఎర్ర పెన్ను ఎలా వచ్చిందో వచ్చింది. సర్పం నుదుటి మీద గుండ్రటి అక్షరాలతో "కన్వీనర్" అని రాశాను. తక్కిన ముగ్గురి పొట్టల మీద "కో-కన్వీనర్". అలవాటు కొద్దీ కింద పొట్టి సంతకం కూడా పెట్టాను.

అప్పుడు అడిగింది హిందీ మేడం, "మేడం, గివి మీ బిడ్డవి గదా. బిడ్డనడిగినరా?"

నేను పెన్నుకు మూత పెట్టాను. 

"మనల్నడగకుండ ఢిల్లీల కూసొని రాస్తున్నరనే గద, మనం ఎనిమిది దినాల సంది ఈడ కూసున్నది" అంది ఆమె మెల్లగా.

చేసిన పని అప్పుడు కనబడింది. నెల రోజులు ఆ పిల్ల కళ్లలో పెట్టుకుని చూసిన కార్డులు. ఇంకో పిల్ల ముందు ఆట మధ్యలో పెట్టుకోవాల్సినవి. వాటి మీద నా దస్తూరీ, నా సంతకం! పీఈటీ సారు రబ్బరు తెచ్చి రుద్దాడు, పోలేదు. లెక్కల సారు మహా తెలివిగా, విరమణకు కలిపి పెట్టిన నిమ్మరసంలో రుమాలు ముంచి సర్పం నుదురు తుడిచాడు. అక్షరాలు పోయాయి. ఎరుపు పోలేదు, మొత్తం పాకింది. నిప్పులు కక్కే సర్పం నుదుటి నిండా కుంకుమ పెట్టుకుని పేరంటానికి బయల్దేరినట్టయింది. ఆ సాయంత్రం దీక్ష విరమించినవాళ్లకు ఒక గ్లాసు నిమ్మరసం తక్కువైంది. ఎందుకు తక్కువైందో కన్వీనరు ప్రకటించలేదు.

ఇంటికి నడిచి వస్తూ అబద్ధాలు నాలుగైదు తయారు చేసుకున్నాను. వానలో తడిసి రంగు దిగింది. టెంటులో ఎవరో పిల్లలు గీశారు. గుమ్మం ఎక్కేసరికి అవన్నీ నా మీదికే తిరగబడ్డాయి. పిల్లలు ఇలాంటివి నాకు రోజుకు పది చెబుతారు, ఒక్కటీ నేను నమ్మను. చెప్పులు కూడా విప్పకుండా వెళ్లి బ్యాగులోంచి అన్నీ తీసి ఆమె ముందు పెట్టాను. "నేనే పాడు జేసిన బిడ్డా" అన్నాను.

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, ఏడ్చే పిల్లను దగ్గరికి తీసుకోవడం నాకు వచ్చు. సర్పం నుదుటిని బొటనవేలితో ఒకసారి రుద్దింది. సింహం పొట్ట మీద నా సంతకం చూసింది. మా ఆయన తొంగిచూసి, "అయ్యో, ఏం జేసినవే టీచరమ్మా" అన్నాడు. పదవులొచ్చిన నలుగురినీ ఒక పక్కకు పెట్టి, ఆమె కట్ట కింద వెతికి ఐదో కార్డు తీసింది. మూలికల అవ్వ. పదవి రాలేదు కాబట్టి ఆమె ఒంటి మీద ఒక్క గీత కూడా లేదు. ఆ కార్డును నా ముందుకు జరిపి, ఆరు రోజుల తర్వాత నా బిడ్డ నోరు తెరిచింది.

"చదివినవా?"

నా మాటే. నా గొంతే, నా విరుపే. నా చెప్పులు ఇంకా కాళ్లకే ఉన్నాయి.

కళ్లజోడు పెట్టుకుని, బొమ్మ కింది చీమల బారును మొదటి నుంచి చదివాను. ఈమె నాయకురాలైతే, ప్రతి వంతులోనూ మీ వాళ్లలో అలసి పడిపోయిన ఒకరిని లేపి నిలబెడుతుంది. అంతే ఉంది.

"సర్పానికి తొమ్మిదుంటది గని ఒక్కసారి అలిసి పడ్డదంటె మళ్ల లేవది" అంది బిడ్డ. "అవ్వ ముంగట ఉంటె అందరు లేస్తనే ఉంటరు. నువ్వు గుంజుకున్న దినమే నేను అవ్వను అనుకున్న. చెప్పనిచ్చినవా?"

"మా కాటారం దిక్కు సుత గంతే" అన్నాడు ఆ అడవుల్లో పెరిగిన మా ఆయన, ఆ కార్డును వెలుతురుకు పెట్టి చూస్తూ. "పులి ఎన్నడో ఓనాడు కనవడ్తది. జరమొస్తె మాత్రం అందరు ఆకుల ముసలామె ఇంటికే ఉరుకుతరు."

పరీక్ష హాల్లో "ప్రశ్న పూర్తిగా చదవండి, సగం చదివి రాయకండి" అని పన్నెండేళ్లుగా అరుస్తున్నది నేనే. నలుగురం పంతుళ్లం, రెండు గంటలు, ఐదు కార్డులు. మూలన అంకె చూశామే గాని కింద ఏముందో ఒక్కరం చదవలేదు. సిగ్గేసింది.

"చదివిన బిడ్డా" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపి నా బ్యాగు పక్క అర చూపించింది. "గిది గాదు. గది."

మడత విప్పాను. మూలన ఎర్రగా "చూశాను" అని నా సంతకం. పైన నేను చూసిన విషయం. దాని కింద నేను చూడనిది. మొదట్లో అచ్చం దరఖాస్తులాగే ఉంది, "తమరు దయతో పరిశీలించి" అంటూ. పోను పోను ఆ భాష ఆమెకు బరువైనట్టుంది, సగం నుంచి వదిలేసింది.

"మార్కులు తక్కువ వచ్చినయ్, తప్పే. మళ్ల చదువుత. గని బడి లేదు. నా దోస్తులందరు ఊర్లకు పోయిండ్రు. ఈ ఆట ఒక్కరు ఆడరాదు. సముద్రం కట్ట నీకోసమే పెట్టిన. నీకు నేర్పిస్త, అల్కగనే ఉంటది. నువ్వు సమ్మెల ఉన్నవు గద, ఇంట్ల ఉంటవనుకున్న."

రెండోసారి చదవడానికి కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. నేనూ ఏడుస్తానని మా ఇంట్లో ఎవరికీ తెలియదు, మా ఆయన కంగారుపడి గ్లాసెడు నీళ్లు తెచ్చాడు. బడి ఉన్నప్పుడు బండికి ఉరికేదాన్ని, బడి లేనప్పుడు టెంటుకు ఉరికాను. ఆ కాగితం ఆరు రోజులుగా నా చంకలోనే నాతోపాటు ఉరుకుతోంది.

లెక్కల సారుకు ఫోను చేశాను. "రేపు నా కుర్చీల ఎవల్నన్న కూసోబెట్టుండ్రి సార్. ఇంట్ల చర్చలున్నయి."

"సఫలమైతయా మేడం?"

"అది అవతలోళ్ల చేతుల ఉన్నది."

రిలే దీక్షలో ఆ సౌకర్యం ఉంది. ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చోవచ్చు, దీక్ష ఆగదు. సముద్రం కట్ట ముందున్న చోట్లో నా బదులు కూర్చునేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున చాప పరుచుకుని ఎదురెదురుగా కూర్చున్నాం. అది రాస్తారోకో చేసిన చాపే. నా నాయకుడు మూడు తలల చేపల రాజు. "మనకు సముద్రమేడిదే" అని మా ఆయన వెక్కిరించాడు. అవతల నడుమ మూలికల అవ్వ వంగి కూర్చుంది. నేను కష్టపడి సింహాన్ని పడేస్తే అవ్వ లేపింది. చెట్టును పడేస్తే లేపింది. సర్పం, కుంకుమ నుదురుతో, మూడుసార్లు పడి మూడుసార్లు లేచింది. లేచినప్పుడల్లా నా బిడ్డ మైకులో చెప్పినట్టు ప్రకటించేది, "కన్వీనర్ సారు మళ్ల లేసిండు!" ఆరు రోజుల మాటలన్నీ ఆ పూటే నా మీద కుమ్మరించింది. ఒక్కటీ వదలకుండా విన్నాను. మూడు ఆటలు ఓడిపోయాను.

నాలుగో ఆటలో నా చేతికి మంచి అంకె ఉన్న కార్డు వచ్చింది, బలం పది. ఇక గెలిచానని చెయ్యి పైకెత్తాను.

"చదివినవా?" అంది.

ఎత్తిన చెయ్యి దించాను. "చదువుతున్న బిడ్డా, ఆగు" అని, కళ్లజోడు సర్దుకుని, మొదటి వరుస నుంచి మొదలుపెట్టాను.